నాలుగు గీతల వదులు

కుడి కంటికి శుక్లం తీసి, పది రోజులపాటు పుస్తకం పట్టుకోవద్దు, పొయ్యి సెగకి వెళ్ళొద్దు అని చెప్పి డాక్టరమ్మ ఇంటికి పంపేసింది. ఆపరేషను నిండా పావుగంట కూడా పట్టలేదు. బడికి సెలవు పెట్టి, వట్లూరులో మా ఇంటి వెనక గదిలో కళ్ళు మూసుకుని పడుకున్నాను. లెక్కల టీచరుగా ఇన్నేళ్ళు అంకెల మధ్య బతికినదాన్ని, అంకె కనపడకుండా ఒక పూట గడపడం కూడా నాకు కొత్త. మూడో రోజు పొద్దున్న పక్క సందులో కొత్తగా పెట్టిన బేకరీ నుంచి బన్నులు కాలుతున్న వాసన వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎవరో పాత మోటారు సైకిలు స్టార్టు చేశారు. ఆయిలు కలిసిన పెట్రోలు పొగ కిటికీలోంచి గదిలోకి వచ్చింది. ఆ రెండు వాసనలూ కలిసి నా ముక్కుకి తగిలి ముప్పై అయిదేళ్ళు దాటింది. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. బన్ను వాసనకి కూడా భయపడతారా అమ్మా అని మా అబ్బాయి నవ్వాడు. వాడికి తెలియదు. మా అమ్మ ఆ సంగతి తెలియకుండానే పోయింది. తెలిసిన ఒక్క మనిషి మా నాన్న, ఆయన ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న పేరు మస్తాన్. ఏలూరులో తమ్మిలేరు గట్టుకి దిగే రోడ్డు మీద ఆయనకి బోరింగ్ షాపు ఉండేది. బోర్డు చూసి చేతిపంపులు వేసే షాపు అనుకుని, మా దొడ్లో నీళ్ళు పడతాయాండీ అని అడిగినవాళ్ళు ఉన్నారు. మోటారు సైకిలు ఇంజనులో పిస్టను పైకీ కిందికీ ఆడే ఇనప గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని లైనరు అంటారు. అది అరిగిపోతే తొలిచి నున్నగా చెయ్యడం, ఇక తొలచడానికి మందం మిగలకపోతే దాన్ని ఊడదీసి కొత్తది దించడం ఆయన పని. ముందు షాపు, వెనక రెండు గదుల్లో మేము. ఇంట్లో బియ్యం డబ్బా మూత తీసినా ఆయిలు వాసనే వచ్చేది. నాన్న రంపపు పొట్టుతో ఒకసారి, కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునేవారు. అయినా వాసన పోదని అన్నం చెంచాతో తినేవారు. అమ్మ కంచంలో కూర ఎప్పుడూ ఒకే వైపు వడ్డించేది, మంచినీళ్ళ గ్లాసు ఒకే చోట పెట్టేది. అది ఆవిడ పద్ధతి అని వచ్చినవాళ్ళు అనుకునేవాళ్ళు. అసలు కారణం నాన్న కళ్ళు.

ఆయన కంటి నరం ఎండిపోతోందని విజయవాడలో పెద్ద డాక్టరు చెప్పారు. అద్దాలు పనికిరావు, కత్తి పెట్టి చేసేదీ లేదు అన్నారు. అది విచిత్రమైన చూపు. పక్కల కనిపిస్తుంది, నడుమ కనిపించదు. మనిషి కనిపిస్తాడు, ముఖం కనిపించదు. రోడ్డు మీద ఎవరి సాయం లేకుండా నడిచేవారు, గొంతు విని పేరు పెట్టి పలకరించేవారు. అందువల్ల రెండేళ్ళపాటు ఈ సంగతి ఇంటి గడప దాటలేదు. ఇనుము చెక్కే లేతు మిషను శబ్దం విని, ఇనుము మీద వేలి కొన ఆనించి, చూపున్నవాళ్ళ కంటే నున్నగా పని చేసేవారు. కానీ మైక్రోమీటరు అనే కొలత పరికరం మీద గీతలు మాత్రం వేలికి తెలియవు కదా. వాటి కోసం నేను ఉన్నాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీకి వెళ్ళేముందు ఒక గంట, వచ్చాక రెండు గంటలు షాపులో పద్దు పుస్తకం ముందు కూర్చుని ఉండేదాన్ని. ఆయన మైక్రోమీటరు బిగించి, ఏదో మాట్లాడుతున్నట్టు నా పక్కకి వచ్చి నిలబడితే, నేను తల ఎత్తకుండా అంకె గొణిగేదాన్ని. ఎదురుగా నిలబడ్డ కస్టమరుకి కూడా తెలిసేది కాదు.

రోజూ పొద్దున్న నమాజు చేసుకుని, టీ తాగి షాపు తలుపు తియ్యగానే ఆయన నోట వచ్చే మొదటి మాట, "సున్నా చూశావా అమ్మా?" మైక్రోమీటరు రెండు పెదవులూ పూర్తిగా మూస్తే అది సున్నా దగ్గర ఆగాలి. ఆగకపోతే ఆ రోజు తీసిన కొలతలన్నీ తప్పే. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. చూశాను నాన్నా అని నేను అన్నాకే మిషను స్విచ్చి వేసేవారు. ఆ ప్రశ్న అంటే నాకు విసుగు పుట్టిన మాట నిజం. నిన్న సరిగ్గా ఉన్నది ఈ రోజు ఎందుకు మారుతుంది? కాలేజీలో నా స్నేహితురాళ్ళ గోళ్ళకి రంగులు ఉండేవి. నా గోళ్ళ కింద నల్లటి గీతలు ఉండేవి. ఆ షాపు వదిలి వెళ్ళిపోవాలని నాకు ఎంత ఉండేదో చెప్పలేను.

ఆ బుధవారం ప్రభుదాసు వచ్చాడు. ఆకివీడు దగ్గర చేపల చెరువుల మీద సూపరువైజరు, పాతికేళ్ళ మనిషి, కొత్తగా పెళ్ళయింది. అతనికి మట్టి పందేల పిచ్చి. మామూలు మోటారు సైకిలుకి ఉన్నవన్నీ ఊడబీకి, గుబ్బలు గుబ్బలుగా ఉండే టైర్లు వేసి, సైలెన్సరు సీటు దాకా ఎత్తి కట్టి, దున్నిన పొలం మీద, దిబ్బల మీద ఎగిరించేవాడు. ఆదివారం గూడెంలో యుద్ధకాలం నాటి పాత రన్‌వే పక్క మైదానంలో పందెం ఉంది. ఇటు చూస్తే బండి లైనరు నిలువునా బీటలు వారి ఉంది.

"తొలచడానికేం మిగల్లేదు బాబూ, కొత్తది దించాలి," అన్నారు నాన్న, లోపల వేలు తిప్పి చూసి. "దించాక కూడా అయిదువందల కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పాలి. ఆదివారానికి పందెమంటే నేను ఒప్పుకోను."

"మీరు ఎలాగోలా రేపటికి ఇచ్చేయండి మస్తాన్‌గారండీ. మూడు రోజులూ నేను చెరువు గట్ల మీద తిప్పుతూనే ఉంటానండి. మీ చేతి పని మీద నాకు నమ్మకం," అన్నాడు ప్రభుదాసు.

నాన్న లైనరులో మళ్ళీ ఒకసారి వేలు తిప్పారు. చివరికి సరే అన్నారు. నమ్మకం అనే మాట దగ్గర ఆయన ఎప్పుడూ మెత్తబడిపోయేవారు, కళ్ళు పోవడం మొదలయ్యాక మరీను.

పక్కనే సత్తారు మామ బేకరీ. పొద్దుటి బన్నులు దించేశాక పొయ్యిలో మిగిలిన వేడి మాది. ఆ రోజే, లైనరు కూర్చునే అల్యూమినియం బ్లాకుని ఆ పొయ్యిలో పెట్టి, బాగా కాలాక గోనెగుడ్డతో పట్టుకుని చెక్క మీద బోర్లా కొడితే పాత లైనరు ఊడి పడింది. బ్లాకు చల్లారాక లోపలి కొలత నేను చదివాను, నాన్న చెప్పగా గోడ మీద సుద్దతో రాశాను. అప్పటికి మైక్రోమీటరు సరిగ్గానే ఉంది. ఇక కొత్త లైనరు బయటి కొలత దానికంటే అయిదారు గీతలు ఎక్కువ ఉండేలా లేతు మీద చెక్కాలి. ఎక్కువ ఉన్నది తక్కువ ఉన్నదాంట్లో ఎలా పడుతుందంటే, బ్లాకుని కాల్చి పెద్దది చేస్తారు, లైనరుని మంచులో పెట్టి చిన్నది చేస్తారు. ఒకదాంట్లో ఒకటి దించాక రెండూ మామూలు స్థితికి వస్తే ఏనుగు లాగినా రాదు. ఆ పట్టు లేకపోతే మాత్రం ఆ బండి ఎక్కిన మనిషికి ఆయుష్షు ఎంతో చెప్పలేం. లైనరు పక్కల కిటికీల్లాంటి రంధ్రాలు ఉంటాయి. వేడికి వదులై లైనరు గోరంత పక్కకి తిరిగినా పిస్టను రింగు ఆ కిటికీ అంచుకి తగులుకుంటుంది. ఇంజను ఒక్కసారిగా పట్టేస్తుంది, దాంతో వెనక చక్రం పట్టేస్తుంది. నెమ్మదిగా తిరిగినంతసేపూ ఏమీ తెలియదు. వేగంగా, వేడిగా, ఆపకుండా నడిపినప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది.

గురువారం మా కాలేజీలో గ్రూపు ఫొటో. తలంటుకుని, ఆకుపచ్చ లంగా ఓణీ తీసి మంచం మీద పెట్టుకుని, గోళ్ళ కింద మురికి పుల్లతో తీసుకుంటూ షాపులోకి వచ్చాను. తడి చేత్తో మైక్రోమీటరు తియ్యబోతే జారి గచ్చు మీద పడింది. ఠంగుమంది. నాన్న పెరట్లో ముఖం కడుక్కుంటున్నారు. గబుక్కున తీసి చూశాను. ఎక్కడా సొట్ట లేదు. పెట్టెలో పెట్టేశాను. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"సున్నా చూశావా అమ్మా?"

"చూశాను నాన్నా."

అంతే. నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిట్లో చిన్నది అదే. చూస్తే తేడా ఉంటుందేమో, ఉంటే దాన్ని సరిచేయించడానికి ఇంకో షాపుకి పరుగెత్తాలేమో, ఫొటోకి ఆలస్యం అవుతుందేమో అని చూడలేదు. లైనరు చెక్కుతున్నంతసేపూ ఆయన పక్కన నిలబడి అంకెలు గొణిగాను. ఒకచోట ఆయన ఆగి, లైనరు మీద బొటనవేలు రెండుసార్లు తిప్పి, "ఇంకో రెండు గీతలు ఉండాలి అనిపిస్తోందే. ఇంత తీసేశామా? ఇంకోసారి చదువు," అన్నారు. నేను మళ్ళీ చదివాను. అదే అంకె వచ్చింది. అంకె మాటే నిజం అనుకుని ఆయన తన వేలిని కాదనుకున్నారు.

ప్రభుదాసు ఆకివీడు నుంచి చేపలు ప్యాకింగు చేసే మంచు ఒక పెద్ద పెట్టె నిండా తెచ్చాడు. ఉప్పు కలిపి, లైనరుని అందులో పాతిపెట్టాం. గంట తర్వాత తీస్తే తెల్లగా నూగు పట్టి, చేప వాసన వేస్తోంది. బేకరీలో అందరూ దూరంగా జరిగారు. నాన్న కాలే బ్లాకుని చెక్క మీద నిలబెట్టి, గీసి ఉంచిన గుర్తుకి గుర్తు వేలితోనే కలుపుకుని, లైనరు వదిలారు. అది దిగింది. మామూలుగా దిగిన కొద్ది క్షణాలకి బ్లాకు దాన్ని పట్టుకునేటప్పుడు చిటుక్కుమని ఒక చప్పుడు వస్తుంది, అది విన్నాక నాన్న ఊపిరి వదులుతారు. ఆ రోజు ఆయన తల పక్కకి వంచి అలాగే నిలబడిపోయారు.

"చప్పుడు రాలేదేం?" అన్నారు.

"బేకరీలో గోల కదా నాన్నా, వినపడి ఉండదు," అని నేను ఇంట్లోకి పరుగెత్తి ఓణీ కట్టుకున్నాను.

ఫొటో బాగా వచ్చింది. ఇప్పటికీ నా దగ్గర ఉంది, రెండో వరసలో నవ్వుతూ ఉంటాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. పరికరాలు తుడిచి పెడుతూ, ఎందుకో మైక్రోమీటరు మూసి వెలుతురులో పెట్టి చూశాను. సున్నాకి నాలుగు గీతలు ఇవతల ఆగిపోయింది. మళ్ళీ తుడిచి మళ్ళీ మూశాను. నాలుగే. అంటే లైనరు నేను చదివిన అంకె కంటే నాలుగు గీతలు సన్నగా ఉంది. అయిదో ఆరో ఉండాల్సిన పట్టులో మిగిలింది ఒకటో రెండో. చల్లగా ఉన్నంతసేపూ నిలుస్తుంది, వేడెక్కాక నిలవదు. లెక్క నాకు వచ్చు. అది ఎంత సులువైన తీసివేత అంటే, మా ఆరో తరగతి పిల్లలకి కూడా వచ్చు.

చెప్పాలి అనుకున్నాను. చెప్తే ముందు నాన్న నన్ను అడిగేది సున్నా గురించి. తర్వాత ప్రభుదాసు అడిగేది, కొలత మీరు చూసుకోలేదా అని. అప్పుడు కళ్ళ సంగతి బయటపడుతుంది. షాపు పోతుంది. ఇలా ఆయన కోసమే ఆలోచిస్తున్నట్టు నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి నాకు ఉన్నది భయం, నా గురించిన భయం. శుక్రవారం షాపు లేదు. అమ్మ బిరియానీ ఆకు వేసి పలావు వండింది, నేను కంచంలో కెలికి లేచిపోయాను. శనివారం పొద్దున్న ఆయన మళ్ళీ అడిగారు, సున్నా చూశావా అని. చూశాను అన్నాను. ఆ రోజు ఆయనకి చెప్పిన ప్రతి కొలతలోంచీ మనసులో నాలుగు తీసేసి చెప్పాను. ఆ నాలుగు తీసేస్తున్న ప్రతిసారీ గూడెం మైదానం నా కళ్ళకి కట్టేది. నేను ఆ మైదానం అప్పటికి చూడలేదు కూడా.

మధ్యాహ్నం ప్రభుదాసే వచ్చాడు, కొర్రమీను ఒకటి గడ్డిలో చుట్టి పట్టుకుని. "ఎగిరిపోతోందండీ బండి! కొల్లేరు గట్టంతా తిప్పానండి. రేపు మా ఆవిడ కూడా చూడ్డానికి వస్తానంది," అన్నాడు. నాన్న బయటికి వచ్చి, ఇంజను స్టార్టు చేయించి, పక్కన గొంతుకూర్చుని బ్లాకు చుట్టూ ఉండే సన్నటి రెక్కల మీద అరచెయ్యి పెట్టారు. కాలుతున్నా తియ్యలేదు.

"ఎంత వేగం మీద తిప్పావు బాబూ?"

"మీరు చెప్పినట్టే, నలభై దాటనివ్వలేదండి."

"వేడెక్కాక గొంతు ఏమన్నా మారుతోందా?"

"లేదండి. ఎందుకండీ?"

"ఏం లేదు. నాకే ఏదోలా ఉంది," అని ఆయన లేచి, నేను ఉన్న వైపు తిరిగారు. ముఖం కనిపించని ఆ చూపు నా చెవి పక్క నుంచి ఎటో పోయింది. నేను పద్దు పుస్తకంలోకి తల దించేశాను. అమ్మ ఆ చేపకి చింతపండు పులుసు పెట్టింది. ప్రభుదాసు అరుగు మీద కూర్చుని రెండు ముద్దలు తిని, చాలా బాగుందండి అని చెప్పి వెళ్ళాడు. అతను సందు తిరిగేదాకా ఆ ఇంజను చప్పుడు వింటూ నిలబడ్డాను.

ఆదివారం పొద్దున్న నాన్న పరికరాలన్నీ బల్ల మీద పరిచి కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నారు. మైక్రోమీటరు నా చేతికి ఇచ్చి, "సున్నా చెప్పు అమ్మా," అన్నారు. చూశావా అని కాదు, చెప్పు అన్నారు. ఎందుకు అలా అడిగారో ఇప్పటికీ తెలియదు. మూశాను. మళ్ళీ తెరిచి మళ్ళీ మూశాను.

"చెప్పు."

"నాలుగు గీతలు ఉంది నాన్నా."

తుడుస్తున్న చెయ్యి ఆగింది. "ఎప్పటి నుంచి?"

"గురువారం పొద్దున్న నుంచి. నా చెయ్యి జారి పడింది. చూశానని అబద్ధం చెప్పాను."

ఆయన తిట్టలేదు. తిడతారని నేను తల వంచుకున్నాను. తల ఎత్తేసరికి గోడకి తగిలించిన చొక్కా వేసుకుంటున్నారు. ఒక కాజా గుండీ ఇంకో కాజాలో పెట్టుకున్నారు. "గూడెం పాసింజరు ఎన్నింటికి?" అన్నారు.

పవర్‌పేట స్టేషన్లో ఎక్కాం. దెందులూరు దాటాక ఇంత నెమ్మదిగా పోతుందా రైలు అనిపించింది. భీమడోలులో వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్సుకి దారి ఇవ్వడానికి పక్క లైనులో పెట్టి ఆపేశారు. అక్కడ అరగంట. జామకాయల అమ్మాయి వచ్చి అడిగి వెళ్ళిపోయింది. నాన్న కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నారు. ఆ పిడికిలి మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. ఒక్కసారి మాత్రం, "పందెం ఎన్ని చుట్లో చెప్పాడా?" అన్నారు. పదిహేను అన్నాను. ఆయన పెదవులు కదిపారు, లెక్క వేస్తున్నారో దువా చేస్తున్నారో తెలియదు. ఉంగుటూరు వచ్చాక నేను ఏడవడం మొదలుపెట్టాను. "ఏడిస్తే కళ్ళు మసకేస్తాయి. అక్కడ అతన్ని వెతకాల్సింది నువ్వే," అన్నారు.

మైదానం దగ్గరికి రిక్షాలో చేరేసరికి ఆఖరి పందేనికి బండ్లు వరసలో నిలబెట్టారు. మొదటి పందెంలో ప్రభుదాసు గెలిచాడట, మైకులో చెప్తున్నారు. అంటే ఇంజను ఇప్పటికే కాలిపోతోంది. దుమ్ములో, పొగలో పదో పన్నెండో బండ్లు గుర్రుమంటున్నాయి. అందరి తలలకీ హెల్మెట్లే. ఎరుపు చొక్కా, ఆ చివర నుంచి మూడోది అని నేను చూపించేలోపే నాన్న తాడు కిందనుంచి దూరి ట్రాకు మీదికి వెళ్ళిపోయారు. బండ్లు వదిలే జెండా పైకి లేచి ఉంది. ఆయన వాటికి ఎదురుగా, నడుమ, రెండు చేతులూ చాపి నిలబడ్డారు. గుండీలు వంకరగా ఉన్న ఆ చొక్కా గాలికి ఎగురుతోంది. జనం కేకలు వేశారు. ఎవడో తాగినోడురా అన్నారు. మైకు పట్టుకున్న మనిషి ఆయన్ని లాగెయ్యడానికి పరుగెత్తుకొచ్చాడు. ప్రభుదాసు హెల్మెటు తీశాడు.

"ఏంటండీ ఇది! పక్కకి రండి, తొక్కేస్తారు!"

"ఇంజను ఆపు బాబూ. లైనరు వదులుగా ఉంది."

"మొదటి పందెం గెలిచానండీ దీని మీద!"

"అందుకే ఇంకోటి వద్దు. తప్పు నాది. నాకు రెండేళ్ళ నుంచి గీతలు కనపడట్లేదు. కనపడకుండానే నీకు పని చేశాను. ఎవరికీ చెప్పలేదు."

మైకు ఆ మనిషి చేతిలో అలాగే ఉంది. ఆ మాటలన్నీ నాలుగు దిక్కులా కట్టిన హారన్లలోంచి మైదానమంతా వినపడ్డాయి. నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. ముందుకు వెళ్ళి, కాదు, అది నేను, అని అనాలి. తాడు వదల్లేదు. ప్రభుదాసు ముఖం ఎర్రబడిపోయింది. ఇంజను ఆపాడు. "ఇంతమందిలో పరువు తీశారండీ," అని బండి తోసుకుంటూ బయటికి నడిచాడు. అతని భార్య వెనకే పరుగెత్తింది. మిగతా బండ్లు వెళ్ళిపోయాయి. నాన్నని ఎవరో మంచినీళ్ళు తాగమన్నారు. ఆయన వద్దన్నారు.

సోమవారం పొద్దున్న ప్రభుదాసు బండిని చేపల వ్యానులో వేసుకుని వచ్చి దింపాడు. నాన్న అతని ముందే ఇంజను విప్పారు. బ్లాకు తీసి, పొయ్యికి తీసుకెళ్ళకుండా, చల్లగానే అరచేతి మీద బోర్లించి చెక్క సుత్తితో ఒక్కసారి తట్టారు. లైనరు ఆయన అరచేతిలోకి జారి పడింది, ఉన్న కాస్త పట్టూ పందెం వేడికి పోయింది. దాని కిటికీ అంచు ఒకటి చిట్లి ఉంది. గుర్తు గీత గోరంత పక్కకి తిరిగి ఉంది. ప్రభుదాసు దాన్ని తీసుకుని వెలుతురులో తిప్పి చూసి, గచ్చు మీద కూలబడిపోయాడు. చాలాసేపటికి లేచి, నాన్న చేతులు రెండూ పట్టుకుని కళ్ళకి అద్దుకున్నాడు.

ఆ తర్వాత ఆరు నెలల్లో షాపు మూతపడింది. గొడవ ఏమీ జరగలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. నిజానికి వచ్చినవాళ్ళందరూ నాన్నని మెచ్చుకున్నారు. మీలాంటి మనిషి ఉండడండీ అని టీ తాగి, బ్లాకు మాత్రం వేరే షాపుకి పట్టుకుపోయేవాళ్ళు. లేతు మిషను పెదవేగి వైపు ట్రాక్టర్ల షెడ్డు పెట్టిన మనిషి కొనుక్కుపోయాడు. నాన్న సత్తారు మామ బేకరీలో బన్నులు లెక్కపెట్టి బుట్టలకి ఎత్తేవారు, అది వేళ్ళతో అయ్యే పని. ఒకసారి, చాలా ఏళ్ళకి, తప్పు నాదని ఎవరికీ ఎందుకు చెప్పలేదు నాన్నా అని అడిగాను. "బోర్డు మీద పేరు ఎవరిది?" అన్నారు. నా పెళ్ళయ్యాక, ఇంకో పదేళ్ళకి పోయారు. అప్పటికి ఆయనకి పక్క చూపు కూడా పోయింది.

ఇప్పుడు బండి పాడైతే ఎవరూ లైనరు దించరు, బ్లాకు మొత్తం పెట్టెలో కొత్తది వస్తుంది. కొలతలు అద్దం మీద అంకెలై వెలుగుతాయి, మైక్రోమీటరు తన సున్నా తనే చూసుకుంటుంది. మా అబ్బాయి అదే మంచిది కదా అంటాడు. మంచిదే. నా కన్ను పావుగంటలో బాగైంది, ఆయన కన్ను విజయవాడ దాకా వెళ్ళినా బాగవలేదు. ఆ రోజులు గొప్పవి అని నేను అనలేను. ఒక మనిషి గొంతు దాకా భయం ఉన్నా ట్రాకు మీదికి నడిచి వెళ్ళడం ఆ రోజుల్లో చూశాను, అంతే. అదే రోజుల్లో, అదే చోట, తాడు వదలని ఒక అమ్మాయిని కూడా చూశాను.

పది రోజులూ అయ్యాక డాక్టరమ్మ చదువుకోవచ్చు అంది. నేను చదవలేదు. కైకలూరు మీదుగా ఆకివీడు బస్సెక్కాను. కొల్లేరు ఇప్పుడు రోడ్డుకి రెండు వైపులా చెరువులే, నీళ్ళు చిమ్మే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గట్ల మీద చేపల లారీలు నీళ్ళు కారుస్తూ నిలబడి ఉన్నాయి. ప్రభుదాసు ఇల్లు అడగ్గానే చెప్పారు. అరవై దాటిన మనిషి, జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అదే. నన్ను చూసి పొంగిపోయి కోడల్ని పిలిచాడు.

"నేను చెప్తుంటానే, గూడెం పందెం? చూపు లేకపోయినా నా ప్రాణం కాపాడిన మహానుభావుడు? ఆయన కూతురమ్మా ఈవిడ."

ఆ అమ్మాయి వంగి దణ్ణం పెట్టి టీ పెట్టడానికి వెళ్ళింది. అప్పుడు చెప్పాను. పడిపోయిన మైక్రోమీటరు, చూడని సున్నా, గురువారం నుంచి ఆదివారం దాకా మూసుకున్న నోరు, అన్నీ. మధ్యలో ఆగకుండా చెప్పాను, ఆగితే మళ్ళీ చెప్పలేనని.

అతను కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "అంటే ఆయన కళ్ళ వల్ల కాదా చెల్లెమ్మా?"

"కాదండి. వదులవుతోందని ఆయన వేళ్ళు చెప్పాయి. నేనే కాదన్నాను."

"శనివారం మీ ఇంట్లో అన్నం తిన్నాను నేను. అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసండి."

అతను లేచి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. తిడితే బాగుండును అనిపించింది. కోపం వచ్చింది, అది ముఖంలో కనిపించింది, కానీ అంతలోనే దాని వెనక ఇంకేదో వచ్చి దాన్ని తోసేసింది.

"ఈ కథ నేను ఎంతమందికి చెప్పానో తెలుసా?" అన్నాడు. "ఆ వారం నుంచే మొదలుపెట్టాను. రేవులో చెప్పాను, లారీ డ్రైవర్లకి చెప్పాను. గూడెంలో, భీమవరంలో, మెకానిక్కు షెడ్డు కనిపిస్తే ఆగి మరీ చెప్పాను. చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాను. ఏలూరు మస్తాన్‌గారికి కళ్ళు కనపడవు, అయినా ఎంత నిజాయితీ గల మనిషో చూడండి అని. ఆరు నెలలకి షాపు మూసేశారంటే, పెద్దవారయ్యారు, మానుకున్నారు అనుకున్నాను."

మీలాంటి మనిషి ఉండడండీ అని టీ తాగి, బ్లాకు వేరే షాపుకి పట్టుకుపోయినవాళ్ళు నాకు గుర్తొచ్చారు. ఆ మాట అతనికి నేను చెప్పక్కర్లేకపోయింది. కోడలు టీ గ్లాసులు తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టి, మా ముఖాలు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"పొగుడుతున్నాననుకున్నానమ్మా," అన్నాడు ప్రభుదాసు.